బోరుకొచ్చిన ఇంజిను

ఎవరైనా కారు ఇంజిను మాటెత్తితే ముందు సీసీ ఎంత అని అడుగుతారు. నేను బోరెంత, స్ట్రోకెంత అని అడుగుతాను. సిలిండరు వెడల్పు బోరు, అందులో పిస్టన్ పైనుంచి కిందికి దిగే దూరం స్ట్రోకు. ఈ రెండూ, సిలిండర్లెన్నో తెలిస్తే సీసీ మనమే కట్టుకోవచ్చు. దాంతోపాటు ఆ ఇంజిను చేసినవాళ్లు ఏ యంత్రాన్ని మార్చగలిగారు, దేన్ని మార్చడానికి చేయి రాలేదు అన్నది కూడా తెలిసిపోతుంది.

మన అంబాసిడర్‌లో దశాబ్దాలు నడిచిన పెట్రోలు ఇంజినునే చూడండి. నాలుగు సిలిండర్లు, 1489 సీసీ. బోరు 73.02 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. దాని పుట్టిల్లు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పక్కన లాంగ్‌బ్రిడ్జ్‌లోని ఆస్టిన్ కర్మాగారం. 1947లో ఆస్టిన్ ఎ-40 కారులో వచ్చిన 1200 సీసీ ఇంజిను దీనికి మూలపురుషుడు. 1952లో ఆస్టిన్, మోరిస్ సంస్థలు ఒకటై బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాక ఈ వంశానికి బి-సిరీస్ అన్న పేరు స్థిరపడింది. తర్వాత ఇది మూడు దేశాల్లో మూడు రకాలుగా బతికింది.

ఇంగ్లండులో స్ట్రోకును కదిలించలేదు. 1200 సీసీలోనూ స్ట్రోకు 88.9, చిట్టచివరి 1798 సీసీలోనూ 88.9. పెరిగిందల్లా బోరే. 65.48 నుంచి 73కి, అక్కడినుంచి 75.4కి, 76.2కి, చివరికి 80.26కి. ఎంజీఏ స్పోర్ట్స్ కారు 1955లో 1489తో మొదలై, 1588, 1622 దాటింది. 1962లో వచ్చిన ఎంజీబీ 1798ని అందుకుంది. బ్లాకులో ఇనుము ఎంతవరకు ఇస్తే అంతవరకు తొలుచుకుంటూ పోయారు. మధ్యలో 1958లో ఒక దుడుకు పని చేశారు. 1588 మీద రెండు క్యామ్‌షాఫ్టుల అల్యూమినియం హెడ్ (సిలిండర్ల పైమూత) ఎక్కించి ఎంజీఏ ట్విన్‌క్యామ్ అన్నారు. పిస్టన్లు కాల్చుకునే ఇంజినని దానికి పేరు పడింది. 1960లో ఆపేసేసరికి తయారైనవి 2111 కార్లే. అసలు ఇంజిను మాత్రం తన దారిన తాను నడిచింది. 1964లో పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ కింద మూడు బేరింగులకు బదులు ఐదు పెట్టారు. ఎంజీబీ ఐదు లక్షలకు పైగా అమ్ముడై 1980 దాకా వచ్చింది.

బి-సిరీస్ పెద్ద లోపం హెడ్‌లో ఉంది. నాలుగు సిలిండర్లకు లోపలికి గాలి వెళ్లే దారులు రెండే. ఒకటీ రెండూ ఒక దారి పంచుకుంటాయి, మూడూ నాలుగూ ఇంకొకటి. పొగ బయటికొచ్చే దారులు మూడు. అన్నీ ఒకే పక్కన. పేలే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. అంటే రెండో సిలిండరు పీల్చిన వెంటనే ఒకటోది పీలుస్తుంది, ఆ తర్వాత ఆ దారి కాసేపు ఖాళీ. ఒకే కంచంలో తినే అన్నదమ్ములిద్దరికీ ముద్దలు సమానంగా పడవు కదా, అదే తంతు. ఎంత బోరు పెంచినా ఈ పొత్తు భోజనం బి-సిరీస్‌ని వదల్లేదు.

జపాన్ కథ నాకు మరీ ఇష్టం. 1952లో నిస్సాన్ కంపెనీ ఆస్టిన్‌తో ఒప్పందం చేసుకుని వాళ్ల కార్లు తన దగ్గర కట్టడం మొదలుపెట్టింది. ముందు ఎ-40, తర్వాత ఈ 1489 సీసీ ఇంజినున్న ఎ-50. కొద్ది ఏళ్లలోనే ప్రతి భాగం అక్కడే తయారైంది. ఆ తర్వాత సొంత డాట్సన్ కారుకు చిన్న ఇంజిను కావాల్సి వచ్చింది. సలహాదారుగా వచ్చిన డొనాల్డ్ స్టోన్ అనే అమెరికన్ ఇంజినీరు, అంతకుముందు విల్లీస్ కంపెనీలో పనిచేసినవాడు, కొత్త ఇంజిను మాటే వద్దన్నాడు. ఆస్టిన్ బ్లాకు చేసే యంత్రాలు ఉండనే ఉన్నాయి. బోరును ముట్టుకోవద్దు, స్ట్రోకు తగ్గించి బ్లాకు ఎత్తు కోసేయండి అన్నాడు. 89 మిల్లీమీటర్ల స్ట్రోకు 59కి దిగింది, 988 సీసీ ఇంజిను తయారైంది. కారు డాట్సన్ 210, సంవత్సరం 1957. దాన్ని స్టోన్ ఇంజిను అనే పిలిచారు.

స్ట్రోకు పొట్టిదైతే అదే వేగంలో పిస్టన్ పరిగెత్తాల్సిన దూరం తగ్గుతుంది, ఇంజిను ఇంకా చురుగ్గా తిరగగలదు. మరుసటి ఏడే డాట్సన్ 210 ఆస్ట్రేలియాను చుట్టివచ్చే మోటారు పోటీలో తన తరగతిలో గెలిచింది. తర్వాత అదే 73 బోరు మీద స్ట్రోకు 71 చేస్తే 1189 సీసీ, 77.6 చేస్తే 1299 సీసీ. ఇంగ్లండులో స్ట్రోకు మేకు కొట్టినట్టుంటే, జపాన్‌లో బోరు మేకు కొట్టినట్టుంది. అప్పు తెచ్చుకున్న ఇంజినులోంచి సొంత ఇంజిన్ల సంతానాన్ని కన్నవాళ్లు వీళ్లు. కొత్తగా ఏమీ కనిపెట్టలేదు, ఉన్నదాన్ని కోసి చూశారు. ఇంజినీరింగులో నాకు నచ్చే పని ఇలాంటిదే.

ఇక మన సంగతి. హిందుస్థాన్ మోటార్స్ మొదటి అంబాసిడర్లలో పెట్టింది 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిను, అంటే అప్పటికే పాతబడ్డ సరుకు. 1959లో దాని స్థానంలో ఈ 1489 ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిను వచ్చింది. తర్వాత మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని ముందు జాలీ, లైట్లు, డ్యాష్‌బోర్డు మారాయి. బోరు 73.02, స్ట్రోకు 88.9 మాత్రం అలాగే ఉన్నాయి. లైసెన్సుల కాలంలో పోటీ లేదు, కారు కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు, విదేశీ యంత్రం దిగుమతి చేసుకోవాలంటే సవాలక్ష అనుమతులు. మార్చకపోయినా అమ్ముడుపోయే సరుకును ఎవరు మారుస్తారు? అంబాసిడర్ పేరు చెప్పి కళ్లు తుడుచుకునేవాళ్లను చూస్తే నాకు కాస్త చిరాకు. ఆ పొడుగు స్ట్రోకు ఘాట్ రోడ్డు మీద ఎనిమిదిమందిని లాగేది, నిజమే. హైవే ఎక్కితే ఎనభై దాటకముందే గోలపెట్టేది, అదీ నిజమే.

అయితే మన దేశంలో ఈ ఇంజిను పెరగలేదంటే ఒప్పుకోను. పెరిగింది. ఆ పెరుగుదల హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల ఉత్తర్‌పారా కర్మాగారంలో కాకుండా, సిలిండర్లు తొలిచే బోరింగ్ షాపుల్లో జరిగింది.

మా పెదనాన్న ట్యాక్సీ బండి ఇంజిను విప్పడం నేను విజయవాడ ఆటోనగర్‌లో చూశాను. పొగ కక్కుతోంది, ఆయిల్ తాగుతోంది, బోరుకొచ్చిందన్నారు. హెడ్ దింపాక మేస్త్రీ సిలిండరు గోడ మీద వేలిగోటితో కిందినుంచి పైకి గీశాడు. పై అంచుకు కొంచెం దిగువన గోరు ఆగింది. రింగులు అంతవరకే వచ్చి వెనక్కి తిరుగుతాయి, దాని కింద గోడ అరిగి మెట్టు పడుతుంది. తర్వాత గేజి దింపి పైన, కింద, అడ్డంగా, నిలువుగా కొలిచాడు. గుండ్రంగా ఉండాల్సిన సిలిండరు కోలగా తేలింది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఒక పక్క గోడను ఒరుసుకుంటుంది మరి.

“ట్వంటీకి రాదండీ, థర్టీకి పోవాల్సిందే.”

“థర్టీకి పోతే మళ్లీ ఎన్నిసార్లు చేయించుకోవచ్చు మేస్త్రీ?”

“ఇంకొక్కసారి, ఫార్టీ. ఆపైన స్లీవులే.”

ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఫార్టీ అంటే బోరు ఒక మిల్లీమీటరు చిల్లర పెరిగినట్టు. కాగితం మీద లెక్కకట్టి చూస్తే అప్పుడు ఇంజిను 1531 సీసీ. ఆర్సీలో మాత్రం 1489 అనే ఉంటుంది. ఇంగ్లండు ఇంజినీర్లు చేసిన పనినే మన మేస్త్రీలు చేశారు. వాళ్లు బలం కోసం, మనవాళ్లు అరుగుదలకు విరుగుడుగా. ఇక తొలవడానికి గోడ మిగలనప్పుడు కొత్త ఇనుప గొట్టం, అదే స్లీవు, బిగించి, స్టాండర్డ్ సైజుకు తెచ్చి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవారు. ఒక బ్లాకుకు ఇన్ని జన్మలుంటాయని లాంగ్‌బ్రిడ్జ్‌లో ఎవరూ అనుకుని ఉండరు.

ట్యాపెట్ల పని చూడ్డం ఇంకా సరదా. రాకర్ కవర్ తీస్తే ఎనిమిది రాకర్లు వరసగా కనిపిస్తాయి. రాకరుకూ వాల్వు కొసకూ మధ్య పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే అర మిల్లీమీటరుకు లోపు, సందుండాలి. ఏ వాల్వు ఎప్పుడు సరిచూడాలన్నదానికి తొమ్మిది లెక్క. ముందు హ్యాండిల్ పెట్టి కుర్రాడు ఇంజినును కొద్దికొద్దిగా తిప్పుతుంటాడు. ఒకటో వాల్వు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎనిమిదోది చూడాలి, రెండోది నొక్కుకుంటే ఏడోది, మూడుకు ఆరు, నాలుగుకు ఐదు, ఏ జత కూడినా తొమ్మిదే. ఒకటో సిలిండరు, నాలుగో సిలిండరు కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. ఒకదాని వాల్వు తెరుచుకుని ఉంటే రెండోదాని వాల్వు క్యామ్ వీపు మీద విశ్రాంతిగా ఉంటుంది. లెక్క రహస్యం అంతే. ఫీలర్ బ్లేడు దూర్చి లాగితే కొంచెం పట్టుకున్నట్టు జారాలి. ఊరికే జారిపోతే టకటక చప్పుడు, అసలు కదలకపోతే వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది, అందుకే మేస్త్రీ బిగించాక మళ్లీ బ్లేడు పెట్టి చూసేవాడు. ఆ రెండోసారి చూడని మెకానిక్ దగ్గరికి పెదనాన్న మళ్లీ వెళ్లేవాడు కాదు.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. అదే వంశంలోని డీజిలు ఇంజిను, అదీ 1489 సీసీయే, అంబాసిడర్‌కు తోడైంది. ముప్పై ఏడు గుర్రాల బలమే అయినా ట్యాక్సీవాళ్లు కళ్లకద్దుకున్నారు. మారుతి వచ్చి జనానికి వేరే రుచి చూపించాక 1990ల మొదట్లో 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజిను, ఐదు గేర్లతో దిగింది. 2014 మేలో ఉత్తర్‌పారాలో కర్మాగారమే ఆగిపోయింది.

మీ ఇంటి పెరట్లోనో, బంధువుల షెడ్డులోనో అంబాసిడర్ ఇంకా ఉంటే ఇనుము తూకానికి అమ్మేముందు ఒక్కసారి హెడ్ దింపించి చూడండి. ఓవర్‌సైజు పిస్టనైతే తలమీద మసి తుడిస్తే 20 అనో, 30 అనో, 40 అనో అంకె ఉంటుంది. ఆ అంకె నాకు రాసి పంపండి. ఏ అంకే లేకపోతే అది పుట్టినప్పటి బోరో, స్లీవులు పడి తిరిగొచ్చిన బోరో మేస్త్రీని అడిగి మరీ రాయండి.