ఆకుకూర మడి, అయిదో తరగతి

చిన్నపిల్లలతో సేవ చేయించాలని ఎవరికి బుద్ధి పుట్టినా ముందు మొక్కలే గుర్తొస్తాయి. ఆగస్టు పదిహేనుకో, ఎవరి పుట్టినరోజుకో బడి ముందు వ్యాను ఆగుతుంది, వేప మొక్కలూ కానుగ మొక్కలూ దిగుతాయి. గుంట కూలీ తవ్వుతాడు, మొక్క పెద్దమనిషి పెడతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు. మర్నాటి నుంచి నీళ్లు మాత్రం పిల్లలే పోయాలి. ఈ పంపకం నాకెప్పుడూ తలకిందులుగా కనిపిస్తుంది.

మా ఊరి ప్రాథమిక పాఠశాలకు శనివారాలు కొందరం వెళ్లి పిల్లల చేత ఆకుకూరలు వేయిస్తున్నాం. రిటైరైన పోస్ట్‌మాస్టరు, ఇద్దరు డ్వాక్రా ఆడవాళ్లు, బేరాలు లేని రోజున ఒక ఆటో డ్రైవరు, నేను. కోసిన కూర బడి భోజనానికి, మిగిలితే పక్కనున్న అంగన్‌వాడీకి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని మధ్యాహ్న భోజన పథకం లెక్క. నలభై మంది ఉంటే రోజూ 2 కిలోల కూర కావాలి. నాలుగు మళ్లలో అంత ఎక్కడొస్తుంది? పప్పు చేసే రోజున ఇంత తోటకూర, తాలింపులోకి కరివేపాకు, అంతే. ఇప్పుడు ఆంధ్రలో ఈ భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వేళగాని వేళ వచ్చినవాళ్లకూ అన్నం పెట్టిన ఆ తల్లి పేరు వింటే మా నాలుగు కట్టల గురించి గొప్పలు చెప్పుకోబుద్ధి కాదు.

మొదట మెంతికూరే వేయించాం. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి, మూడు వారాలు దాటితే కోతకొస్తాయి. ఒకటో తరగతి పిల్లకు అంతకన్నా ఓపిక ఉండదు, ఉండాలని అడగడమూ అన్యాయమే. మామిడి మొక్క నాటిస్తే ఆ పిల్ల బడి దాటి వెళ్లిపోయే లోపు కాయ చూస్తుందన్న నమ్మకం లేదు. తోటకూర గింజ మరీ సన్నం, అలాగే చల్లితే ఒకచోట గుబురుగా, ఒకచోట బోడిగా వస్తుంది. అందుకే ఇసుకలో కలిపి చల్లాలి. ఆ కలిపే పని చిన్నవాళ్లది. అయిదో తరగతి వాళ్లది కాలువ పని: అన్నం తిని చేతులు కడిగిన నీళ్లు మళ్లలోకి పారేలా మట్టి తెరుస్తారు, మూస్తారు.

అసలు కష్టమంతా పెద్దవాళ్లకే. సాలు వంకరపోతుంటే చూస్తూ ఊరుకోవాలి. పోస్ట్‌మాస్టరుగారు పార లాక్కుని సరిచేయబోతే ఒక పిల్లాడు, “తాతా, నువ్వు పోయి ఆ అరుగు మీద కూర్చో, పిలుస్తాం” అన్నాడు. ఆయన వెళ్లి కూర్చున్నారు. కలుపు తీస్తూ గరికతో పాటు తోటకూరా పీకేస్తారు, అదీ చూడాలి. మరి మా పనేమిటంటారా? మేకలు దూరకుండా కంచె, మోటారు రిపేరు, పంచాయతీ చుట్టూ తిరగడం.

గాంధీ 1937లో వార్ధాలో చేతిపని ద్వారా చదువు చెప్పాలన్నప్పుడే, అది బాలల చేత చాకిరీ చేయించుకోవడం అవుతుందేమోనని వాదన లేచింది. ఆ అనుమానం ఇప్పటికీ అవసరమే. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి పనికొచ్చే పనిని పాఠ్యప్రణాళికలోకి తెచ్చింది. చాలా బళ్లలో అదొక పీరియడుగా, ఒక గ్రేడుగా మిగిలింది. మాకున్న కొలత చిన్నది. బరువైతే వద్దు, నీళ్లు పాత సీసాలతోనే, బకెట్లు మేం మోస్తాం. ఇష్టం లేని పిల్ల చెట్టు కింద కూర్చుని బొమ్మ వేసుకోవచ్చు. మరుగుదొడ్లు కడిగించి దానికి సేవ అని పేరు పెట్టేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. ఆ చీపురు తిరిగి తిరిగి ఏ కులం పిల్లల చేతికి చేరుతుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మేం ఇంకా తేల్చుకోలేనిది వేసవి. ఏప్రిల్ చివర్లో బడి మూస్తే జూన్ రెండో వారం దాకా తెరవరు. ఆకుకూర మళ్లు ఎండితే ఎండనీ, మళ్లీ చల్లుకుంటాం. కరివేపాకునూ మునగనూ మాత్రం బతికించుకోవాలి, ఆ ఎండల్లో పిల్లల్ని రమ్మనలేం. అందుకని వంతుల పట్టీ రాసి వంటగది తలుపుకి అంటించాం. మే మొదటి పక్షం ఆటో డ్రైవరు రాయించుకున్నాడు. తర్వాతి పక్షం డ్వాక్రా ఆడవాళ్లది. పోస్ట్‌మాస్టరుగారు మనవళ్లను చూడ్డానికి హైదరాబాద్ వెళ్తారట, ఆయన వారం ఇంకా ఖాళీగానే ఉంది. ఊళ్లో వేసవికి ఇంటిపట్టున ఉండేవాళ్లెవరో వాకబు చేస్తున్నాను.