సెలైన్ చుక్కలో అమీబా

స్లైడు మీద ఒక చుక్క సెలైన్, అందులో కాస్త మలం, పైన కవర్‌స్లిప్. నమూనా తాజాగా ఉంటే, రక్త విరేచనాలు తెచ్చే అమీబా ఎంటమీబా హిస్టొలిటికా తేటగా ఉన్న పాదాన్ని ఒక్కసారిగా ముందుకు చాస్తుంది, మిగతా కణమంతా దాని వెంట జారుతుంది. ఎన్నేళ్లయినా అది చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ ఒక రోగి మలంలో ఈ అమీబాలను చూసి వర్ణించాడు.

కేంద్రకాన్ని చదవడమే మా పనిలో అసలు విద్య. రంగు వేసిన స్లైడులో హిస్టొలిటికా కేంద్రకం అంచు వెంట సన్నటి పూసలు గుచ్చినట్టు క్రోమాటిన్, నడిమధ్య ఒక చిన్న చుక్క. ఆ చుక్క పక్కకు జరిగి, అంచు ముతగ్గా ఉంటే అది హాని చేయని ఎంటమీబా కోలై. గోడ కట్టుకున్న దశ అయిన సిస్టు ముదిరితే హిస్టొలిటికాకు నాలుగు కేంద్రకాలు, కోలైకి మామూలుగా ఎనిమిది. హిస్టొలిటికా లేత సిస్టులో కొసలు గుండ్రంగా ఉన్న కడ్డీలు కూడా ఉంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే అవి బారులు తీరిన రైబోజోములు!

ఈ అమీబా కణంలో, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లేవనే చాలాకాలం అనుకున్నారు. ఆక్సిజన్ కరువైన పేగులో వాటితో పనేముందన్నారు. 1999లో వాటి అవశేషాలు బయటపడ్డాయి, మైటోసోములని పేరు పెట్టారు. అర మైక్రోమీటరు కూడా ఉండని ఆ సంచులు కణానికి శక్తిని తయారుచేయవు. అయినా కణం వాటిని వదులుకోలేదు. ఇంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఈ జీవిలో మరొకటి లేదు.

కేంద్రకం కూడా తేల్చలేని చిక్కు ఒకటుంది. ఎంటమీబా డిస్పార్ చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ జబ్బు తేదు. రెండూ వేరని ఎమిల్ బ్రంప్ట్ 1925లోనే అన్నా, 1993లో గానీ ఆ మాట నిలబడలేదు. సిస్టులు మాత్రమే కనిపించినప్పుడు రిపోర్టులో రెండు పేర్లూ రాయడమే నిజాయితీ. తేల్చాల్సింది యాంటిజెన్, పీసీఆర్ పరీక్షలు. అమీబా కడుపులో మింగిన ఎర్ర రక్తకణాలు కనిపిస్తే మాత్రం హిస్టొలిటికా అనే అనుమానం బాగా బలపడుతుంది.

ఆ రక్తకణాలూ, ఆ కదలికా ఆలస్యమైన నమూనాలో దొరకవు. పేగు బయట అమీబా త్వరగా ముడుచుకుని చెదిరిపోతుంది. కాబట్టి రక్త విరేచనాలు పట్టుకుంటే మందుల షాపులో బిళ్లలు అడక్కండి. డాక్టరుకు చూపించుకోండి, నమూనాను అరగంటలోపు లాబ్‌కు చేర్చండి.