అబ్బే, అదేం కాదు!

ఈ వారం నా బీపీ పెంచిన ఘనత వాట్సాప్‌ది. ‘వికర్ అంటే చర్చి గురువు, ఆయన కాపురమున్న ఊరు గనక వికారాబాద్’ అని ఎవరో మహానుభావుడు తేల్చేశాడు. అయ్యా, ఆ పేరు పాయగా నవాబు వికారుల్ ఉమ్రాది. ఫలక్‌నుమా కట్టించిందీ ఆయనే. ఉర్దూ వికార్ అంటే హుందాతనం, ఇంగ్లిషు వికర్‌కు లాటిన్ మూలంలో బదులుగా ఉండేవాడని అర్థం. చెవికి ఒకేలా వినపడ్డ మాటలకు చుట్టరికం కలిపేవాళ్ల మీద నేనెన్నిసార్లు కారాలు మిరియాలు నూరానో పాత పాఠకులకు తెలుసు.

ఆ కోపంలో ఉండగానే మనవడు బల్ల మీది పుస్తకం పట్టుకొచ్చాడు. ‘తాతా, అబ్బే దుబాయ్ అట. దుబాయ్ కాదనా?’

దుబాయ్ కాదురా, ద్యుబ్వా. 1823లో తిరిగి వెళ్లేదాకా మైసూరు సీమలో ఏళ్ల తరబడి ఉన్న ఫ్రెంచి పాదిరీ. అబ్బే ఆయన పేరుకు ముందున్న గౌరవం. మొదట్లో ఆ మాట మఠాధిపతికే చెల్లేది. 1516లో పోపుతో ఒప్పందం కుదిరి, మఠాధిపతుల్ని ఎంచే హక్కు ఫ్రాన్సు రాజు చేతికొచ్చింది. దాంతో మఠం గడప తొక్కనివాడికీ మఠం ఆదాయం! పదవి మీద ఆశపడ్డవాళ్లూ ముందుగానే అబ్బేలైపోయారు. చివరికది ప్రతి చర్చి గురువుకీ పిలుపైంది. టికెట్ రాకముందే ‘ఎమ్మెల్యే గారూ’ అనిపించుకునేవాళ్లు మనకు కొత్తా?

మాట పుట్టిల్లు మాత్రం ఫ్రాన్సు కాదు. లాటిన్, గ్రీకుల వెనక, యేసు మాట్లాడిన అరామిక్‌లో ‘అబ్బా’ అంటే నాన్న.

‘నువ్వు వాళ్లబ్బ సొమ్మా అంటావే, అదేగా!’ అన్నాడు వాడు. చుట్టరికం లేదని గద్దించాను. పసినోటికి ముందు పలికేవి పకార బకార మకారాలే, అందుకే సగం లోకానికి నాన్న అలా వినిపిస్తాడు.

గద్దించాక మా నానమ్మ గుర్తొచ్చింది. అనంతగిరి గుడి పూజారి వస్తే ‘అయ్యగారూ, కూసోండ్రి’ అని ఇత్తడి చెంబుతో నీళ్లిచ్చేది. మెథడిస్టు చర్చి పాస్టరొచ్చినా అదే పిలుపు, అదే చెంబు. కన్నతండ్రిని పిలిచిందీ ‘అయ్యా’ అనే. అబ్బేకి అంతకన్నా మంచి అనువాదం ఏ నిఘంటువూ ఇవ్వలేదు.

ఆదివారం మనవడితో తాండూరులో రైలు దిగాను. కందిపప్పు సంచి మోస్తున్న తండ్రి వెనక పరుగెడుతూ ఓ పాప ‘అబ్బా, ఠైరో!’ అని అరిచింది. మనవడు నా మొహంలోకి చూశాడు. ఉర్దూ అబ్బాకు మూలం అరబ్బీ ‘అబ్’ అంటారు. అరబ్బీ, అరామిక్ అక్కచెల్లెళ్లు. అంటే ద్యుబ్వా బిరుదుకు రక్తసంబంధి తాండూరు ప్లాట్‌ఫారం మీద చెప్పుల్లేకుండా పరుగెడుతోంది.

‘చుట్టరికం లేదన్నావుగా?’ అన్నాడు మనవడు.

అబ్బే, తెలుగు సంగతి కదా నేనన్నది!