కత్తి దగ్గర ఆగాలి, కత్తెర దగ్గర ఆగకూడదు

ఈ వారం వచ్చిన ఒక ఉత్తరం చదివి కోపం ఆగలేదు. బైకు మీంచి పడ్డ కుర్రాడికి కనుబొమ మీద చిన్న గాయం, ఆ కంట్లో చూపు లేదు. "నరం నలిగింది, రేపే ఆపరేషన్ చేయకపోతే ఇక అంతే" అన్నారట ఒక ఆసుపత్రిలో. తండ్రి పొలం కాగితాలు పట్టుకుని అప్పు కోసం తిరుగుతున్నాడు.

కనుబొమకు తగిలిన దెబ్బ ఎముక వెంట లోపలికి పాకి, కంటి నరం మెదడు వైపు వెళ్లే ఇరుకు దారిని తాకుతుంది. సెంటీమీటరు పొడవు కూడా ఉండని ఆ ఎముక గొట్టంలో పది లక్షలకు పైగా పోగులున్న నరం వాస్తే చోటుండదు. ముక్కులోంచి ఎండోస్కోపు పంపి గోడ తొలిచి చోటు చేయడమే ఆ ఆపరేషన్. చేసే చేతుల నేర్పుకు నేను దణ్ణం పెడతాను.

కానీ నా పాత ప్రశ్న పాఠకులకు తెలిసిందే: ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? ఇలాంటి కంటి నరం గాయాలపై లెవిన్ బృందం 1999లో వెలువరించిన అంతర్జాతీయ అధ్యయనంలో జవాబు వెతికాను. లాటరీ పద్ధతిలో రోగులను విడదీద్దామనుకున్నారు. చాలినంతమంది దొరక్క, ఎవరికి ఏ వైద్యం జరిగిందో అదే నమోదు చేశారు. చూపు చార్టులో మూడు వరుసలైనా మెరుగైనవాళ్లు ఆపరేషన్ వర్గంలో 32 శాతం, స్టీరాయిడ్ వర్గంలో 52, వైద్యమేమీ లేనివాళ్లలో 57. ఈ చివరి వర్గం చాలా చిన్నది, కాబట్టి ఆపరేషన్ చెడ్డదని తేలలేదు. మేలని కూడా తేలలేదు. పోనీ స్టీరాయిడ్ ఇద్దామా అంటే, తలకు దెబ్బ తగిలినవాళ్లకు దాన్ని భారీ మోతాదులో ఇస్తే మరణాలు పెరిగాయని 2004లో క్రాష్ అధ్యయనం చూపించింది. అందుకే ఆ తండ్రికి రాశాను: అప్పు చేయకండి, ముందు కంటి నరాల నిపుణుడికి చూపించండి.

ఇంత చెప్పాక కత్తే వద్దంటాననుకుంటారేమో. అనను. దెబ్బకు కంటి వెనక రక్తం నిండి, కన్ను ముందుకు ఉబికి, రాయిలా గట్టిపడి, చూపు తగ్గిపోతుంటే స్కానింగ్ కోసం కూడా ఆగకూడదు. మత్తు సూది ఇచ్చి, రెప్పల బయటి మూల కత్తెరతో కోసి, కింది రెప్పను ఎముకకు పట్టి ఉంచే బంధాన్ని తెంపితే ఒత్తిడి దిగుతుంది. థియేటర్ అక్కర్లేదు, కొన్ని నిమిషాల పని. గంటన్నర, రెండు గంటలు దాటితే చూపు శాశ్వతంగా పోవచ్చు.

రాత్రిపూట ప్రమాద కేసులు ముందుగా చేరేది క్యాజువాలిటీకే, కంటి డాక్టరు దగ్గరికి కాదు. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీ డాక్టరుకూ ఈ చిన్న కోత చేతితో చేయించి నేర్పండి. వైద్య విద్య అధికారులకు ఇదే నా విన్నపం.