మూటాముల్లెతో బయటపడగలమా?

కంప్యూటర్‌లో పెట్టుకునే మెయిల్ ప్రోగ్రాముల్లో ఏది మంచిదని అడిగేవాళ్లు ముందు చూసేది ముస్తాబే: రంగులు, బటన్లు, క్యాలెండర్, ఈ మధ్య ఏఐ. నేనైతే ఒకటే చూస్తాను. పదేళ్ల మెయిళ్లు పోగుపడ్డాక ఇంకో ప్రోగ్రాముకు మారితే అవన్నీ చెక్కుచెదరకుండా నా వెంట వస్తాయా? మన మెయిళ్లు బతికినంత కాలం ఈ ప్రోగ్రాములు బతకవు మరి. 1988లో పుట్టి ఒక వెలుగు వెలిగిన యుడోరాను క్వాల్‌కామ్ 2006లో వదులుకుంది. విండోస్ ఎక్స్‌పీతో ఉచితంగా వచ్చిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఎప్పుడో పోయింది. విండోస్ 10లోని మెయిల్ యాప్‌కు 2024 డిసెంబర్ 31తో నూకలు చెల్లాయి.

పాత అవుట్‌లుక్ ఫోల్డర్లన్నిటినీ పీఎస్‌టీ అనే ఒకే ఫైల్లో కుక్కేది. 2002 వెర్షన్ దాకా దాని హద్దు 2 జీబీ. అది దాటితే ఫైలు తెరుచుకోకుండా మొరాయించేది. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మందు ఏమిటంటే, ఫైల్లో కొంత కత్తిరించి మిగతాది దక్కించే ఒక చిన్న టూల్. కత్తిరించిన ముక్కలో ఉన్న మెయిళ్లు పోయినట్టే. తర్వాత ఆ హద్దు 20 జీబీకి, 2010లో 50 జీబీకి పెరిగింది. పీఎస్‌టీ లోపలి అమరికను కూడా ఆ ఏడాదే బయటపెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. థండర్‌బర్డ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రాముది మొదట్నుంచీ వేరే దారి. 1970ల నాటి యూనిక్స్ ఎంబాక్స్ పద్ధతిలో ఒక్కో ఫోల్డరూ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలు, అందులో మెయిళ్లు ఒకదాని కింద ఒకటి. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. తెలుగు మెయిలైతే అక్కడ తెలుగు కనిపించకపోవచ్చు. ‘అమ్మ’ అనే మాట యూనికోడ్‌లో 12 బైట్లు, మెయిల్లో ప్రయాణించే ఒక పద్ధతిలో సమానం గుర్తులతో కలిపి 36 అక్షరాల గొలుసు. చూస్తే తల తిరుగుతుంది గానీ, ఆ గొలుసు విప్పే సూత్రం ఏ కంపెనీ సొత్తూ కాదు, ఏ ప్రోగ్రామైనా దాన్ని మళ్లీ అమ్మగా మార్చగలదు. అలాగని థండర్‌బర్డ్‌కు లోపాలు లేవని కాదు. డిలీట్ కొట్టిన మెయిల్, ఫోల్డర్‌ను కంపాక్ట్ చేసేదాకా ఆ ఫైల్లోనే ఉంటుంది. ఒక్క మెయిల్లో వైరస్ ఉందని యాంటీవైరస్ ఇన్‌బాక్స్ ఫైలు మొత్తాన్ని గంపగుత్తగా పక్కన పడేసే ప్రమాదమూ ఉంది.

బ్రౌజర్‌లో జీమెయిల్ ఉండగా ఈ గోలంతా ఎందుకంటారు. సబబే, గూగుల్ టేకౌట్‌తో మెయిళ్లన్నీ దించుకోవచ్చు కూడా. అవి వచ్చేది ఎంబాక్స్‌లోనే! అయితే రెండేళ్లు ముట్టుకోని ఖాతాను తొలగించే హక్కు గూగుల్ తన దగ్గరే ఉంచుకుంది. చనిపోయిన తండ్రి ఖాతాకో, ఎప్పుడో వదిలేసిన పాత ఖాతాకో ఇది తగులుతుంది. థండర్‌బర్డ్ పెట్టుకున్నంత మాత్రాన నిశ్చింత అనుకోవడమూ పొరపాటే. ఐమ్యాప్ అనే పద్ధతిలో మెయిల్ తెచ్చుకుంటే కంప్యూటర్ మీద కనిపించేది సర్వర్‌లో ఉన్నదానికి ప్రతిబింబం. అక్కడ చెరిపేస్తే ఇక్కడా చెరుగుతుంది. లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసుకుంటేనే అది మన దగ్గర ఉన్నట్టు, ఆ ఫైళ్లకు ఇంకో డిస్కులో నకలు కూడా ఉండాలి.

ఆఫీసుల నుంచి వచ్చే అభ్యంతరం ఇంతకన్నా బలమైంది. పదిమందికి మీటింగ్ కుదర్చడం, ఎవరి ఖాళీ ఎప్పుడో చూడటం, గది బుక్ చేయడం లాంటి పనుల్లో అవుట్‌లుక్ ముందు థండర్‌బర్డ్ తేలిపోతుంది. ఆఫీసు మెయిల్ ఎలాగూ ఆఫీసు సొత్తే, అక్కడ అవుట్‌లుక్ వాడితే పోయేదేం లేదు. సొంత మెయిల్‌ను కూడా విండోస్‌తో వచ్చే కొత్త అవుట్‌లుక్‌లో కలిపేసేవాళ్ల గురించే నా బాధ. అందులో జీమెయిల్ ఖాతా చేర్చితే మెయిళ్ల కాపీలు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోకి కూడా వెళ్తాయి. చేర్చేటప్పుడు ఆ సంగతి తెర మీద రాసే ఉంటుంది, కంటిన్యూ బటన్‌కు కాస్త పైన.