మావయ్య కొయ్యగంట

మామూలు గంటకు నాలుక ఒకటే, అదీ లోపల. మా చినమావయ్య చెక్కిన కొయ్యగంటకు రెండు నాలుకలు, రెండూ బయటే. మాయాబందర్‌లో అత్తయ్య ఇంటి వసారాలో, గొడుగులు తగిలించే మేకుకు అదింకా వేలాడుతోంది. జానెడు పొడవున్న ఒకే దిమ్మ, కింది నుంచి తొలిచింది. చెరో పక్కా తాడుకు కట్టిన కర్రముక్క. ఏనుగు మెడ కదిపితే అవి దిమ్మను తడతాయి. టొక్, టొక్. ఇనుప గంటలా చెవిలో గీపెట్టదు.

మావయ్య మావటి. అండమాన్ అడవులు ఏనుగులకు పుట్టిల్లు కాదు. కలప దుంగలు లాగడానికి వాటిని ఓడల్లో తెచ్చారు. పగటి పని అయ్యాక కాలవలో కడిగి, ముందుకాళ్లకు గొలుసు వేసి, రాత్రి మేతకు అడవిలోకి వదిలేవారు. తెల్లారి వెతుక్కోవాలి. ఆ చిక్కటి అడవిలో నాలుగు బారల అవతల ఏముందో కనపడదు, చెవినే నమ్ముకోవాలి. అందుకే ఏ ఏనుగు గంట దానిదే, ఒకదాని గొంతు ఇంకోదానికి రాకూడదు. బర్మా కలప అడవుల్లో ఇది పాత విద్య. 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ కుటుంబాలు మాయాబందర్ పక్కనే వేబీ ఊరు కట్టుకున్నాయి. అక్కడి ఒక పెద్దాయన పక్కన కూర్చుని మావయ్య నేర్చుకున్నాడు.

చెక్క పడాక్. మన శేషాచలం ఎర్రచందనానికీ, వేగిస చెట్టుకూ దాయాది. చెక్కుతుంటే ఎర్రటి పొట్టు రాలి మావయ్య చేతులు పారాణి పెట్టినట్టుండేవి. పచ్చి చెక్క పలకదని దిమ్మను అటక మీద ఏడాది ఎండబెట్టేవాడు.

అసలు పనితనం తొలవడంలో ఉంది. లోపల తొలిచేకొద్దీ గొంతు దిగుతుంది. ఒక్క పొర ఎక్కువ లేచిందా, దాన్ని మళ్లీ అతికించలేం. అందుకని మావయ్య నాలుగు ఉలి దెబ్బలు వేసి, గంట నా చేతికిచ్చి పంపేవాడు. పెరటి చివరికి, అక్కణ్ణుంచి రోడ్డు దాకా. "ఇంకా దూరం పోరా నాన్నా, ఇప్పుడు ఊపు" అని కేకేసి, కళ్లు మూసుకుని వినేవాడు. దగ్గర్లో తియ్యగా మోగిన గంటను పక్కన పడేయడం నా కళ్లతో చూశాను. వాన హోరులో దూరం నుంచి వినపడాలి, అదే ఆయన లెక్క.

లోపల ఉలి గాట్లు అలాగే ఉన్నాయి, వాటిని నున్న చెయ్యలేదు. ఏనుగుకు తగిలే వైపు తడిమి చూడండి. ఉగ్గుగిన్నె అంచులా ఉంటుంది. గాజుపెంకుతో గీకి గీకి, కొబ్బరినూనె పట్టించిన నునుపు అది. ఏనుగుది మందపాటి తోలని మనం అనుకుంటాం. చెవుల వెనక ఎంత పలచనో మావటికి తెలుసు. మెడతాడుకు మా అమ్మమ్మ పాత నూలుచీర చుట్టాడు, ఒరుసుకుపోకుండా. నీలం అంచు ఇప్పటికీ కనిపిస్తుంది. నా మటుకు ఈ గంటలో అన్నిటికన్నా గొప్ప పని ఆ చీరముక్కే.

బర్మాలో పనిచేసిన విలియమ్స్ దొర 1950లో అచ్చయిన 'ఎలిఫెంట్ బిల్' పుస్తకంలో ఒక ముచ్చట రాశాడు. కుర్ర ఏనుగులు గంటలో బురద కూరి, చప్పుడు కాకుండా అరటితోటలో పడేవట. మావయ్యకు చెబితే పగలబడి నవ్వాడు. "మా అమ్మి ఆ పని ఎన్నిసార్లు చేసిందో!" అన్నాడు. తన ఆడ ఏనుగును అమ్మి అనే పిలిచేవాడు.

పడమటి సముద్రంలో ఇంటర్‌వ్యూ దీవి ఉంది. 1962లో కలప వ్యాపారం మూతపడి, అక్కడ వదిలేసిన నలభై దాకా ఏనుగులు అడవి పాలయ్యాయి. ఆ ఊసు ఎప్పుడొచ్చినా మావయ్య అడిగేది ఒకటే: "మెడలో గంటలు విప్పి వదిలారా, లేదా?" తాడు బిగుసుకుపోతుందని ఆయన బెంగ.

2002లో దీవుల్లో చెట్ల నరికివేతకు సుప్రీంకోర్టు కళ్లెం వేశాక ఏనుగులకు పని తగ్గింది. మావయ్య ఇంటిపట్టునే ఉండి, మధ్యాహ్నం పూట ఆ గంట ఊపి వీధి కుక్కలకు అన్నం పెట్టేవాడు. గంటలో కుడి నాలుక ఎడమదానికన్నా అరంగుళం అరిగి ఉంటుంది. అమ్మి కొమ్మ విరిచేటప్పుడు తల కుడికే విసిరేదట.

మావయ్య పోయిన ఏడాదికి వెళ్లినప్పుడు, దుమ్ము తుడుద్దామని గంటను మేకు నుంచి తీశాను. చేతిలో ఒక్కసారి మోగింది. వీధి మలుపులోంచి ముసలి నల్లకుక్క కుంటుకుంటూ వచ్చి గడప ముందు కూర్చుంది. అత్తయ్య ఏమీ అనకుండా లోపలికెళ్లి అన్నం కలుపుకొచ్చింది.