పొగను చదివే మనిషి

తమిళనాడులోని కడంబూరు, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఎన్నో. ఇక్కడి పాత కార్ల మెకానిక్‌కు ఇంకో భాష కూడా వచ్చు: పొగ. నీలిపొగ వస్తే ఇంజనాయిలు మండుతోంది. నల్లపొగయితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. కార్బురేటరున్న పాత మారుతి 800లో ఇక్కడి నల్లరేగడి దుమ్ము ఎయిర్ ఫిల్టరును మూసేసినా అంతే. తెల్లపొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే ఆయన ముఖం మారిపోతుంది. ఆయిలు మూత విప్పుతాడు. మజ్జిగ నురగలాంటిది కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంటు ఆయిల్లో కలిసిందేమోనని అనుమానం. స్టార్టు కాని బండికి ముందు బ్యాటరీ టెర్మినళ్లు గీకి బిగిస్తాడు, కొత్త బ్యాటరీ అంటగట్టడు. నా దృష్టిలో అదే అసలు పనితనం.

పాత కారు కొనేముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఇలాంటివాళ్లకు చూపించండి. వేడెక్కిన ఇంజను కొన్ని లోపాలను దాచేస్తుంది.